కెఫెటేరియాలో చదివింపులు

పోయిన వారం మధ్యాహ్నం కాస్త నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. కారు వారంటీలు అమ్ముకునేవాళ్లయి ఉంటారని మొదట ఎత్తలేదు, రెండోసారి మోగితే విసుక్కుంటూ ఎత్తాను. మా తెలుగు సంఘానికి కొత్తగా సెక్రటరీ అయిన అమ్మాయట. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, వాళ్లమ్మ శ్రీమంతానికి చలిమిడి కలిపింది నేనే గాని ఆ సంగతి ఆ పిల్లకు తెలిసే అవకాశం లేదు. "ఆంటీ, ఈ ఇయర్ గాలా డిన్నర్‌లో ఎడ్యుకేషన్ ఫండ్ స్టార్ట్ చేసినవాళ్లని ఆనర్ చేస్తున్నాం. మీరు స్టేజ్ మీదకి వచ్చి, అప్పుడు ఫండ్‌రైజింగ్ ఎలా చేసేవాళ్లో టూ మినిట్స్ చెప్తే చాలు," అంది ముద్దుగా, ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ వేస్తూ. మోకాళ్లు సహకరించడం లేదమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ మోకాళ్లు బాగున్నా వెళ్లేదాన్ని కాదేమో. శాలువా కప్పించుకోవడానికి కూడా కొంత ఓపిక కావాలి, నాకున్న ఓపికంతా ఆ రోజుల్లోనే గారెల పిండితోపాటు రుబ్బేశాను.

ఫోన్ పెట్టేశాక మళ్లీ నిద్ర పట్టలేదు. రెండు నిమిషాల్లో ఏం చెప్పగలను? నా ఈడువాళ్లకైతే అసలు చెప్పనక్కర్లేదు. డెబ్భైల చివర్లో న్యూజెర్సీలో కాపురం పెట్టినవాళ్లకు శనివారం సాయంత్రమనగానే ఏదో ఒక స్కూలు కెఫెటేరియా గుర్తుకొస్తుంది, గోడలకు ఎవరివో పిల్లలు వేసిన బొమ్మలు, నేల తుడిచిన మందు వాసన, మూల ఒక ప్రొజెక్టరు, అందులో రీలు తెగినప్పుడల్లా లైట్లు వేస్తే ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చున్న నలభై కుటుంబాలు, తొమ్మిది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని గుమ్మం దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడే కాపలాదారు. బడులకు చందాలు పోగుచెయ్యడమంటే మాకు తెలిసింది అదే. టిక్కెట్టు కొని అన్నం తిని సినిమా చూసి వెళ్తారు, ఖర్చులు పోను మిగిలింది మనవైపు ఏదో ఒక ఊరి బడికి పంపిస్తాం. ఒక ఏడు ఒకరి ఊరు, మరో ఏడు మరొకరి ఊరు. ఒక బడికి బెంచీలు, ఒక బడికి బోరింగు పంపు, ఒక బడికి పైకప్పు మీద పెంకులు.

ఖర్చులు పోను అన్నానే గాని మా ఆడవాళ్ల చాకిరీ ఎవరూ ఏ ఖర్చులోనూ రాసేవారు కాదు. శుక్రవారం ఉద్యోగాల నుంచి ఇంటికొచ్చి, ఎవరి వంటింట్లో వాళ్లు ఒక్కో వంటకం ముందేసుకుని కూర్చునేవాళ్లం. మినప్పప్పు కావాలంటే న్యూయార్క్ దాకా పోవాలి, గ్రైండర్లు లేవు, గారెల పిండి వేస్తే బ్లెండరు పొగలు కక్కేది. మరమరాలకు బదులు పిల్లలు పాలలో వేసుకు తినే బియ్యపు సీరియల్, కోవాకు బదులు రికోటా చీజు. అది గంటలు గంటలు కలియబెడితే చివరికి పాలకోవాలాగే ఉండేది, చెయ్యి మాత్రం మర్నాడు దువ్వెన కూడా పట్టేది కాదు. ఇంత చేసి చూస్తే, టిక్కెట్లు కొన్నవాళ్లు ఎవరయ్యా అంటే వండినవాళ్ల మొగుళ్లే. మా సరుకులు మేమే కొని, మేమే వండి, మేమే డబ్బిచ్చి తిని, దాన్ని దానధర్మమనేవాళ్లం. మావారితో ఒకసారి అన్నాను కూడా, ఎవరింట్లో వాళ్లు ఉప్మా తిని తలా ఒక చెక్కు పంపేస్తే సరిపోదా అని. ఆయన నవ్వేసి, అలాగైతే ఎవరు పంపుతారన్నారు. అదీ నిజమే.

ఈ చాకిరీలో నాకు కుడిభుజం ఒక చెల్లెలు. తోడబుట్టింది కాదు. పార్సిప్పనీలో మా కింది అపార్ట్‌మెంటులోకి ఆ మొగుడూ పెళ్లాలు చేరిన రోజునే, అక్కా కాస్త చింతపండుందా అంటూ తలుపు తట్టింది. అప్పటినుంచి నాకు చెల్లెలు, ఆమె భర్త మరిది. మేనరికం వాళ్లది. అతను డ్రాఫ్ట్స్‌మన్‌గా ఒక కంపెనీలో చేసేవాడు, మితభాషి, చొక్కా ఇస్త్రీ లేకుండా పాల డబ్బా కొనుక్కోవడానికి కూడా వెళ్లేవాడు కాదు. ఆమె ఇంట్లోనే ఉండి నా ఇద్దరు పిల్లల్నీ, ఇంకో ఇద్దరు ముగ్గురి పిల్లల్నీ చూసుకునేది. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి అలసిపోయి వచ్చేసరికి నా పిల్లలు తినేసి, కాళ్లు కడుక్కుని, ఎక్కాలు చదువుతూ ఉండేవారు. పిల్లలు హోంవర్కు చేస్తుంటే పక్కన తనూ ఒక కాగితం పెట్టుకుని అవే లెక్కలు చేసేదట, మా పెద్దది నవ్వుతూ చెప్పింది ఒకరోజు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. కృష్ణా జిల్లాలో కాలవ గట్టు మీద వాళ్ల ఊరు. బడిలో ఏడు వరకే ఉంది, ఎనిమిది కావాలంటే బస్సెక్కి టౌనుకి పోవాలి, మొగపిల్లలు పోయేవారు, ఆడపిల్లల్ని పంపేవారు కాదు. ఆ ఒక్క కారణంతోనే, తెలివిలేక కాదు, స్తోమతులేక కాదు, ఎనిమిదో తరగతికి గది లేక ఆగిపోయింది. అందుకని ఇక్కడికొచ్చాక, మా ఊరి హైస్కూల్లో సాయంత్రాలు పెద్దవాళ్లకు చెప్పే క్లాసులకు వెళ్లి, ఇంగ్లీషుతో కుస్తీలు పట్టి, హైస్కూలు చదివినంత అని చెప్పే పరీక్ష పాసైంది. ఆ కాగితం తెచ్చి నాకు చూపించినప్పుడు ఆమె మొహం చూడాలి. తర్వాత కౌంటీ కాలేజీలో కంప్యూటర్ మీద డేటా ఎంట్రీ నేర్పే సాయంత్రం కోర్సుకి దరఖాస్తు పెట్టింది. సీటొచ్చింది. జనవరి నెలాఖరున టర్ము మొదలు, క్లాసు మొదలయ్యేలోగా ఫీజు కట్టాలి. పిల్లల్ని చూసుకోగా వచ్చిన డబ్బులు బ్యాంకులో ఇద్దరి పేరునా ఉన్న ఖాతాలో వేసుకుంటూ ఆ ఫీజంత కూడబెట్టింది. "అక్కా, నేను కాలేజీకెళ్తే పిల్లల్ని ఎవరు చూస్తారని మాత్రం అడక్కు, ఆరింటి దాకా నేనే చూస్తా," అనేది.

అదే శీతాకాలంలో మరిది ఉద్యోగం పోయింది. ఎనభైల మొదట్లో ఆ గడ్డుకాలం మీకూ గుర్తుండే ఉంటుంది, కంపెనీలు మూకుమ్మడిగా మనుషుల్ని ఇంటికి పంపేవి. పోయిన సంగతి నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు. అతను రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, టై కట్టుకుని, కారెక్కి లైబ్రరీకి వెళ్లి కూర్చుని పేపర్లలో ప్రకటనలు చూసుకుని సాయంత్రం వచ్చేవాడు. నలుగురికీ తెలిస్తే ఏమవుతుంది, నాలుగు చోట్ల సిఫారసు చేస్తారు గదా అని మావారు నచ్చజెప్పబోతే, వద్దన్నయ్యా అని ఆ మాట అక్కడితో తుంచేశాడు. నిరుద్యోగ భృతితో అద్దె గడుస్తోంది, చెల్లెలి కోర్సు పూర్తయితే ఏ బ్యాంకులోనో ఉద్యోగం దొరుకుతుంది, అంతవరకూ గుట్టుగా ఈడిస్తే చాలు. వాళ్లిద్దరి ఆశా ఆ కోర్సు మీదే ఉండేది.

ఆ ఏడు సంఘంలో బడి వంతు చెల్లెలి ఊరిది. తనే అడిగింది, అంతకుముందు ఏడే, మరిది ఉద్యోగం నిక్షేపంలా ఉన్న రోజుల్లో. రెండు గదులు కట్టి చూపిస్తే జూన్‌లో ఎనిమిదో తరగతి తెరుస్తామని అక్కడివాళ్లు మాటిచ్చారట. రెండు గదులంటే బెంచీలూ పంపులూ కాదు, మా అన్నం టిక్కెట్ల మీద అయ్యే పని కాదు. అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు ల్యాబ్‌లో నాతో పనిచేసే అమెరికన్ ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. వాళ్ల చర్చిలో చేస్తారట. తలా ఒక వస్తువు తెచ్చి బల్లల మీద పెట్టాలి, ఒక్కో వస్తువు ముందు ఒక కాగితం. కావలసినవాళ్లు పేరూ, ఇవ్వదలచిన డబ్బూ రాస్తారు. ఇంకొకరికి కావాలంటే దాని కింద ఇంకా ఎక్కువ రాస్తారు. చివరికి ఎవరిది ఎక్కువైతే వాళ్లకు ఆ వస్తువు. నోరెత్తక్కర్లేదు, వేలంపాట పాడక్కర్లేదు, వండక్కర్లేదు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. మా కార్యవర్గంలో చెబితే మొగవాళ్లు కూడా బాగుందన్నారు, కానీ భోజనం లేకుండా ఎవరొస్తారు, భోజనమూ పెట్టి అదీ పెడదామన్నారు. అంటే నాకు చాకిరీ తగ్గకపోగా రెట్టింపయింది.

జనవరిలో ఆ శనివారం మంచు కురిసి ఆగింది. బల్లల మీద ఎన్నెన్ని వస్తువులని, కంచిపట్టు చీర, వెంకటగిరి చీర, ఇత్తడి కుందులు, కొండపల్లి బొమ్మలు, ఒకావిడ తన సొంత తంబూరా, ఆవకాయ జాడీలు, ఒకాయన తాను నెలరోజులపాటు అడిగినవాళ్లింటి ముందు మంచు ఎత్తిపోస్తానని రాసిన కాగితం. ఆ కాగితం చూసి ఆయన భార్య, మనింటి ముందు ఎన్నడైనా ఎత్తారా అంది. మా సంఘంలో అందరికంటే పెద్దవాడు ఒక డాక్టరుగారుండేవారు, ఎవరో ఒకరు బావగారనడం మొదలుపెడితే అందరికీ బావగారైపోయారు. దేవుడిలాంటి మనిషి, మాలో సగంమంది పిల్లలకు ఫ్రీగా మందులిచ్చిన మనిషి. జనం బల్లల చుట్టూ చూస్తూ తిరుగుతున్నారే గాని ఎవరూ కలం తియ్యడం లేదని, ఆయన ఉత్సాహంగా వెళ్లి బోణీ చేద్దామని దాదాపు ప్రతి కాగితం మీదా తన పేరు రాసి, పక్కన పది డాలర్లని రాసుకుంటూ పోయారు. మొదలంటూ పెడితే మిగతావాళ్లు పైన పాడుకుంటారని ఆయన ఉద్దేశం.

మనవాళ్లు పాడుకుంటారా? బావగారి పేరు కింద ఎవరు రాస్తారు? ఆయన మనసుపడి తీసుకున్న చీర మీద మనం పోటీకి పోతే ఏం బాగుంటుందని ఒకరు, ఆయన చేతి మందు తిన్న ఇంట్లోవాళ్లం మేమెలా రాస్తామని ఒకరు. ఆయన పేరు లేని ఒకటి రెండు కాగితాల మీద ఎవరైనా రాస్తే వాళ్ల పేరు కిందా ఇంకెవరూ రాయలేదు, ఆవిడకు కావాలిగాబోలు తీసుకోనీ అని. అమెరికన్లు ఆటగా ఆడుకునే దాన్ని మేం మర్యాద సమస్యగా చేసుకున్నాం. తీరా టైమైపోయాక చూస్తే, కంచిపట్టు చీరతో సహా ముప్పావు వంతు వస్తువులు పది డాలర్ల చొప్పున బావగారివే అయ్యాయి. ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఇదేమిటమ్మా, నన్నిలా ముంచారు అన్నారు నాతో, చేతుల్లో ఆ కుందులు పట్టుకుని. మావారు అక్కడికక్కడే లెక్క చూసి, హాలు అద్దెకు కూడా చాలదన్నారు. చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. గరిటె చేతిలోంచి దించలేదు.

బావగారు ఆ అపరాధం మోయలేకపోయారు. కుందులు బల్ల మీద పెట్టేసి, వంటగదిలోంచి ఒక స్టీలు పళ్లెం అడిగి తీసుకుని, కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నారు. మనకు చేతకాని పని మనకెందుకు, మనకు తెలిసిన పని చేద్దాం, పెళ్లిలో చదివింపులు చదివినట్టు చదువుతాను, ఎవరింటి పేరు పిలిస్తే వాళ్లు చెప్పండి అన్నారు. తన పేరు తనే మొదట చదువుకున్నారు, ఐదువందల పదహార్లని, డాలర్లే సుమా అని కూడా అన్నారు. హాలంతా ఒక్కసారిగా తేలికపడింది. ఒకరి వస్తువు మీద పోటీకి పోవడానికి మొహమాటపడ్డ మనుషులే, చదివింపులనేసరికి నువ్వా నేనా అన్నారు. ఫలానా వారు రెండువందల పదహార్లు, ఫలానా వారు నూట పదహార్లు, వారి బావమరిది గారు కూడా నూట పదహార్లు, అంటూ ఆయన పెళ్లివారిలాగే రాగం తీసి చదవడం, చప్పట్లు, నవ్వులు. పెళ్లి పందిరి లేని లోటొకటే.

మేమిద్దరం లోపల వంటగదిలో ఉన్నాం. కెఫెటేరియాలో వడ్డించే కిటికీ ఉంటుంది గదా, దాని తలుపు సగం వేసి ఉంది, మాటలన్నీ వినిపిస్తున్నాయి. నేను సాంబారు తిప్పుతున్నాను, ఆమె గారెలు తీస్తోంది. వరసగా పేర్లు వస్తున్నకొద్దీ మరిది పేరు పిలవకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకుంటున్నాను. కానీ బావగారు పిలవకుండా ఎలా ఉంటారు? పెళ్లిలో అందరి పేర్లూ చదివి ఒక ఇంటి పేరు వదిలేస్తే అంతకంటే అవమానం ఉందా? అందులోనూ వాళ్ల ఊరి బడికి. చిన్నబుచ్చినట్టవుతుందని ఆయన ప్రత్యేకంగా గొంతు పెంచి, మన బడి అల్లుడుగారు అంటూ పిలిచారు. అందరూ నవ్వుతూ అటు తిరిగి ఉంటారు. ఉద్యోగంలో ఉన్న మనిషి ఏం చెబుతాడో అదే చెప్పాడు మరిది. నూట పదహార్లు అన్నాడు. బావగారు రాగం తీసి చదివారు. అందరికంటే గట్టిగా చప్పట్లు అప్పుడే వినిపించాయి. చెక్కు అక్కడికక్కడే రాసి ఆ పళ్లెంలో వేశాడని తర్వాత మావారు చెప్పారు.

ఆ ఇంట్లో ఉన్నదల్లా ఆ ఫీజు డబ్బే. నాకు తెలుసు, ఆమెకు తెలుసు. నేను సాంబారు తిప్పడం ఆపి ఆమె వైపు చూశాను. ఆమె బాణలి కింద మంట తగ్గించి, నూనెలో ఉన్న వాయి తీసి పళ్లెంలో పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇంకేం చేస్తాడక్కా, అందరూ చూస్తుంటే," అంది. పిండి గిన్నె దగ్గరికి లాక్కుని, "మంచిదేలే. మన బడికేగా," అంది. ఆ తర్వాత ఇంకో వాయి వేసింది. ఆ రాత్రి గారెలు బాగా కుదిరాయని అందరూ అన్నారు.

ఇంటికొచ్చాక నేను మావారి మీద విరుచుకుపడ్డాను, బావగారి చెవిలో ఒక్క మాట ఊదితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా అని. ఏమని ఊదను, అతని ఉద్యోగం పోయిందనా, ఎవరికీ చెప్పనని అతనికి నేనిచ్చిన మాటో అన్నారాయన. సోమవారం ల్యాబ్ నుంచి వచ్చేటప్పుడు బ్యాంకుకి వెళ్లి, ఆ మొత్తం కవరులో పెట్టుకుని కింద తలుపు తట్టాను. అప్పుగా తీసుకో, నెలనెలా పిల్లల్ని చూసే డబ్బులో మినహాయించుకుందాం అన్నాను. ఆమె కవరు ముట్టుకోలేదు. "చదివించింది వెనక్కి తీసుకుంటారా అక్కా ఎవరైనా? నువ్వివ్వడం, నేను తీసుకోవడం ఆయనకు తెలిస్తే, ఆయన రేపట్నుంచి ఆ చొక్కా వేసుకుని గుమ్మం దాటలేడు," అంది. కాలేజీకి వెళ్లి నేనే కట్టేసొద్దామా అని కూడా అనుకున్నాను, కానీ ఆమె మొగుడికి తెలియకుండా ఆమెను చదివించే హక్కు నాకెక్కడిది? ఆ టర్ములో క్లాసు ఆమె లేకుండానే మొదలైంది. ఆ సాయంత్రం ఆమె మా పిల్లలతో స్నోమాన్ చేస్తోంది.

వచ్చే టర్ములో చేరతాలే అంది. భృతి అయిపోయింది. లిప్‌స్టిక్కులు పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు దొరికితే చేరింది, ఆ షిఫ్టూ ఆ క్లాసూ ఒకే వేళకి. వేళ్ల మీద ఎర్రరంగు ఎంత కడిగినా పోయేది కాదు. ఆ వేసవిలో మరిదికి హ్యూస్టన్‌లో ఉద్యోగమొచ్చి సామాను సర్దుకున్నారు. కారెక్కేముందు మా పెద్దదానికి ఎక్కాల పుస్తకం, నాకు సగం చింతపండు ప్యాకెట్టు ఇచ్చి వెళ్లింది. నేను ఏడవలేదు, అప్పటికి ఏడ్చే ఓపిక కూడా లేదు, ఎవరో కొత్త బేబీసిట్టర్ని వెతుక్కోవాలన్న చింతే ఎక్కువగా ఉంది. మనిషి వెళ్లిపోయాక రెండు మూడు నెలలకు గాని ఆ లోటు తెలియలేదు.

జూన్‌లో ఎనిమిదో తరగతి తెరిచారు. గదుల ముందు ఓణీలు వేసుకున్న ఆడపిల్లలు వరసగా నిలబడ్డ ఫోటో వస్తే, బావగారు తర్వాతి విందులో అందరికీ చూపించి కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ పిల్లల్ని చూస్తే ఎవరికైనా సంతోషమే కదా, నాకూ సంతోషమే. చదివింపులు అంత బాగా పనిచేశాయని ఆ తర్వాత ఏటా అవే పెట్టారు. ఏటా ఒకటి రెండు కుటుంబాలు రావడం మానేసేవి. బిజీ అయిపోయారు పాపం అనుకునేవారు. ఎందుకు మానేశారో నాకు తెలుసు, ఒకసారి కార్యవర్గంలో అన్నాను కూడా, పేర్లు పిలవద్దు, కవర్లు పెట్టండి, ఎవరిష్టం వాళ్లదని. కవర్లు పెడితే వసూళ్లు సగానికి పడిపోతాయమ్మా, పిల్లల చదువులు గదా అన్నారు. పిల్లల చదువులనేసరికి ఎవరి నోరైనా మూతపడుతుంది. నేను ఆ ఏడుతో వంట మానేశాను.

ఎనభైల చివర్లో ఎవరిదో పెళ్లికని వాళ్లు న్యూజెర్సీ వచ్చి రెండు రోజులు మా ఇంట్లో ఉన్నారు. మరిది జుట్టు నెరిసింది గాని ఇస్త్రీ మడత మాత్రం అలాగే ఉంది. మా పెద్దది హైస్కూలు చివర్లో ఉంది, డైనింగ్ టేబుల్ మీద కాలేజీల నుంచి వచ్చిన పుస్తకాలు గుట్టగా పడున్నాయి. అందరూ పెళ్లికి తయారవుతుంటే, పట్టుచీర కట్టేసుకుని ముందే వచ్చి కూర్చున్న చెల్లెలు అందులోంచి మా కౌంటీ కాలేజీది బయటికి లాగి, వెనకవైపు సాయంత్రం కోర్సుల పేజీలు తీసి, ఒక్కో వరస మీద వేలు పెట్టి చదువుతోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇంగ్లీషు ఇప్పుడు గబగబా చదివేస్తోంది. "ఇప్పుడా కోర్సే లేదక్కా, పేర్లన్నీ మార్చేశారు," అంది నన్ను చూసి. మరి అక్కడ చేరకపోయావా అన్నాను. "ఇప్పుడెందుకు, నీ పిల్లలే వస్తున్నారుగా ఆ వయసుకి," అని పుస్తకం మూసి గుట్టలో పెట్టి, అంచులు సరిచేసింది. తర్వాత, వాళ్ల ఊరి బడిలో ఇప్పుడు పదో తరగతి దాకా ఉందట, వాళ్ల మేనకోడలు ఫస్టుక్లాసట అని, పెళ్లి హాలు చేరేదాకా కారులో ఆ ముచ్చటే చెప్పింది. గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఇప్పుడు ఎవరూ పేర్లు చదవనక్కర్లేదు. ఫోన్ మీద వేలు ఆనిస్తే డబ్బు వెళ్లిపోతుంది, ఎంత ఇచ్చారో పక్కవాళ్లకు తెలియదు, ఎవరూ రికోటా చీజు తిప్పనక్కర్లేదు, ఇక్కడి పిల్లలకూ స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు, ఉద్యోగం పోయినవాళ్లు కూడా సిగ్గుపడకుండా వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. బాగుంది, ఇలాగే ఉండాలి. మా రోజులే గొప్పవని నేననను. ఆ రోజుల్లో మేమంతా ఒక విషయం గట్టిగా నమ్మేవాళ్లం, ఈ దేశం వచ్చినవాళ్లంటే ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు సముద్రానికి అవతల ఎక్కడో ఉంటారని. నలభై కుటుంబాలవాళ్లం అన్నేళ్లపాటు ఎక్కడెక్కడి బడులకో ఏమేం కావాలో ఆరా తీశాం గాని, కిటికీ వెనకాల గారెలు వేస్తున్న మనిషికి ఒక్క టర్ము ఫీజు కావలసి ఉండొచ్చని మాలో ఎవరికీ తోచే వీలే లేదు. తోచిన నాకేమో, ఇవ్వడం చేతకాలేదు. ఎందుకంటే చెల్లెలు కూడా మాలాగే నమ్మింది, తను ఇచ్చేవాళ్లలోనే ఉన్నాననుకుంది.